కొబ్బరి ఆరింది, కట్టు ఆరలేదు

మా వదిన ఆ రోజు పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. వేడినీళ్లు ముట్టుకోలేదు. కంద బచ్చలి కూర మీద మూత కూడా తియ్యలేదు. ఈ సంగతి నాకు ఆ వారంలోనే తెలిసింది. ఏడాది దాకా ఎవరికీ చెప్పలేదు.

మా బంధువుల్లో కొందరు ఈ కథను ఇప్పటికీ వేరే రకంగా చెప్పుకుంటున్నారు. అందులో మా వదిన కోడలి వంట నచ్చక దొంగచాటుగా కూర సరిచేసిన అత్తగారు. నేనేమో శాస్త్రం చదివి ఆ దొంగతనం పట్టేసిన మరిదిని. రెండూ తప్పు. రెండో తప్పు విన్నప్పుడల్లా నాకు కాస్త సంతోషంగా ఉండేదని కూడా ఒప్పుకుంటున్నాను.

అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా పాఠం ప్లాస్టిక్కుల గురించి. వాటిలో ఆకారాన్ని గుర్తుపెట్టుకునే జాతి ఒకటుంది. షేప్ మెమరీ పాలిమర్ అంటారు. చదునుగా చేసిన ముక్కను వేడిచేసి, మెత్తబడ్డాక వంచి, అలాగే పట్టుకుని చల్లారిస్తే వంకరగానే ఉండిపోతుంది. మళ్లీ వేడి తగిలిందా, తన పాత చదును ఆకారం గుర్తొచ్చి లేచి నిలబడుతుంది. లోపల పొడుగాటి దారాల్లాంటి అణువులు ఉంటాయి. అక్కడక్కడా ముళ్లు పడి ఉంటాయి. వేడికి దారాలు వదులవుతాయి గాని ముళ్లు ఊడవు. ఆ ముళ్లలోనే ఉంటుంది జ్ఞాపకమంతా.

ఈ పదార్థం గురించి క్లాసులో నేను బల్లగుద్ది చెప్పే మాట ఒకటుంది. పదార్థం ఒకటే అయినంత మాత్రాన గుణం ఒకటే కాదు, తయారుచేసిన పద్ధతిని బట్టి మారిపోతుంది అని. పిల్లలకు అర్థం కావడానికి దిబ్బరొట్టె ఉదాహరణ చెబుతాను. అదే మినప్పిండి. మూకుడులో మందంగా పోసి సన్నసెగన మగ్గనిస్తే దిబ్బరొట్టె, పెనం మీద గరిటెతో లాగితే అట్టు. రెండింటి కరకర ఒకటేనా? పిల్లలు నవ్వుతారు. నేను కూడా నవ్వుతాను. ఆ పాఠం నాకు తప్ప అందరికీ అర్థమయిందని తర్వాత తెలిసింది.

మా అన్నయ్యా వదినా పలివెలలో ఉంటారు. వరి, కొబ్బరి వ్యవసాయం. ఆ ఏడాది వేసవిలో వాళ్ల అబ్బాయికి పెళ్లయింది. కోడలు రాజోలు వైపు అమ్మాయి. నెమ్మదైన పిల్ల, మాట తక్కువ. వానలు మొదలైన కొత్తలో వదిన పెరటి మెట్టు మీద పాచికి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేశారు. ఇంతకాలం ఎవర్నీ గరిటె పట్టనివ్వని మనిషి, ఆ రోజు కోడల్ని పిలిచి వంటగది అప్పగించింది. నేను అక్కడే ఉన్నాను.

"ఇదిగో అమ్మాయ్, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. ఉప్పు ఎక్కువైనా నీదే, తక్కువైనా నీదే. నేను తొంగి కూడా చూడను."

"చూడకపోతే ఎలాగండీ అత్తయ్యగారూ, నాకు రాదు కదండీ."

"నాకు మాత్రం పుట్టగానే వచ్చిందా? మీ మావయ్యగారు తిని బతికేరు కదా, అలాగే వచ్చింది."

ఆ మాట వదిన నిలబెట్టుకుంది. కోడలు ఉప్పు మరిచిపోయిన రోజున కూడా నోరెత్తలేదు. అన్నయ్య ముఖం పెట్టబోతే కళ్లతోనే నోరు మూయించేది. కోడలికి అది తెలుసు. అత్తగారు గడప బయటే ఉండటం తనకిచ్చిన మర్యాద అని ఆ పిల్ల అర్థం చేసుకుంది. ఆ ఇంట్లో అప్పుడు జరుగుతున్న మంచి పని అదొక్కటే. అందులోకి నేను వెళ్లాను, సైన్సు పట్టుకుని.

సిమెంటు కట్టు విప్పాక డాక్టరు, ఇంకొన్ని వారాలు మణికట్టు కదలకుండా పట్టీ వేసుకోవాలన్నారు. మెడికల్ షాపులో దొరుకుతుందన్నారు. పక్కనే నిలబడ్డ నేను ఊరుకోలేదు. "షాపుదెందుకండీ, నేను చేసిస్తాను" అన్నాను. ఆయన నా వంక చూసి, "మీరు డాక్టరాండీ?" అని అడిగారు. "డాక్టరేట్ ఉందండీ" అన్నాను. ఆయన తర్వాతి పేషెంటును పిలిచారు.

ఆ ఆదివారం పలివెలలో ప్రదర్శన ఇచ్చాను. వేసవిలో ల్యాబులో చేసిన ఒక ప్లాస్టిక్ ముక్కను జిలేబీలా చుట్టి తెచ్చాను. గ్లాసులో వేడినీళ్లు పోయించి అందులో వేశాను. అది మెల్లగా విప్పుకుని స్కేలులా నిటారుగా అయింది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

వదిన అంది, "బాగుందండీ మరిదిగారూ. నీళ్లలో వేస్తే తిన్నగా అవుతోంది. మీ అన్నయ్యగారిని కూడా ఓసారి ముంచి చూడండి."

ఆ ముక్క ఎలా తయారైందో ఇక్కడ చెప్పాలి. ప్లాస్టిక్ గింజల్ని ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, వేడి పలకల మధ్య పెట్టి నొక్కి, నిదానంగా చల్లార్చి చేసింది అది. అలా చేస్తే లోపలి దారాలకు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. దాన్ని నేను ఎన్నిసార్లో పరీక్షించాను. చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో తప్ప కదిలేది కాదు.

వదిన కట్టు మాత్రం అలా చెయ్యలేదు. త్రీడీ ప్రింటరు మీద చేశాను. అదే పదార్థం, దారంగా చుట్టలో వస్తుంది. యంత్రం ఆ దారాన్ని కరిగించి, ముగ్గు వేసినట్టు గీత పక్కన గీత లాగుతూ పోతుంది. ఆ లాగుడుకు అణువులు సాగిన స్థితిలోనే గడ్డకట్టి, ఎప్పుడు విడిపోదామా అని చూస్తుంటాయి. ఇది ఒక తేడా. రెండోది ఇంతకంటే పెద్దది. ఈ పదార్థం గాలిలోని తేమ పీలుస్తుంది. దారాల మధ్య నీరు చేరితే అవి తక్కువ వేడికే వదులైపోతాయి. అందుకే ప్రింటు చేసే ముందు చుట్టను ఓవెన్‌లో ఒక పూట ఆరబెట్టాలి. శ్రావణమాసంలో కోనసీమ గాలి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైపోతుంది.

మరి ఎందుకు ఆరబెట్టలేదు? ఓవెన్ ఖాళీ లేదు. అందులో కొబ్బరి ఉంది.

వానాకాలంలో కొబ్బరి చిప్పలు ఎండబెట్టడం ఇక్కడ ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు. పొద్దున్న పెరట్లో పెడితే మధ్యాహ్నానికి జల్లు, రెండు రోజులకు బూజు. మా ల్యాబు ఓవెన్‌కు బూజు భయం లేదు. మొదట ఎవరు మొదలుపెట్టారో గాని, వానాకాలం వస్తే స్టాఫులో ఒకరి తర్వాత ఒకరు కొబ్బరి చిప్పలు తెచ్చి అందులో పెట్టుకునేవారు. పరిశోధన గది నిండా గానుగ దగ్గరుండే వాసన. బయటి నుంచి తనిఖీకి ఎవరైనా వస్తే పాలిమర్ వాసనే అలా ఉంటుందని చెప్పేవాళ్లం. ఆ వారం వంతు మాది. మా ఇంటి కొబ్బరి సగం ఎండింది. తీసేస్తే పాడవుతుందని మా ఆవిడ గట్టిగా చెప్పింది. నేను వదిన మణికట్టునూ కొబ్బరినూనెనూ తూచి చూసుకుని, నూనె వైపే మొగ్గాను.

ప్రింటరు మొదలవగానే, దారం కరిగి దిగే మూతి దగ్గర చిటపటమని చప్పుడు వచ్చింది, తాలింపులో ఆవాలు పేలినట్టు. దారంలో నీరుంటే ఆవిరై పేలుతుంది. ఆ చప్పుడు వింటే యంత్రం ఆపెయ్యాలని ఏటా పిల్లలకు చెప్పేది నేనే. ఆపలేదు. తలుపు దగ్గరగా వేసి టీకి వెళ్లాను.

కట్టు నల్లరంగులో, చదునుగా, చిల్లులు చిల్లులుగా వచ్చింది. చూడ్డానికి అందంగానే ఉంది. పలివెల తీసుకెళ్లి వేడినీళ్లలో ముంచి, వదిన చేతికి గుడ్డ చుట్టి, దానిమీద వంచి, చల్లార్చాను. సరిగ్గా కుదిరింది. అప్పుడు నేను చేసిన ప్రసంగం ఇది: "చూడండి వదినా, పొయ్యి దగ్గరికీ వేడినీళ్ల దగ్గరికీ తప్ప ఎక్కడికైనా వెళ్లండి. అంత వేడి తగిలితే తప్ప ఇది చచ్చినా తెరుచుకోదు." ఆ మాట పలకల మధ్య నొక్కిన ముక్క గురించయితే నిజమే. చేతికున్న కట్టును నేను ఒక్కసారైనా పరీక్షించలేదు. పదార్థం ఒకటే కదా అనుకున్నాను. దిబ్బరొట్టె తిని అట్టు బాగుందన్న మేధావిని.

తర్వాతి వారం వదిన అమలాపురంలో డాక్టరుకు చూపించుకుని మధ్యాహ్నం బస్సులో ఒక్కతే తిరిగొచ్చింది. వాన వెలిసి ఎండ పెళ్లున కాసిన రోజు. అన్నయ్య పొలంలో ఉన్నాడు. కోడలు పొద్దున్నే వంట చేసి, టైలరు దగ్గర పనుండి కొత్తపేట వెళ్లింది. ఆ రోజు కోడలు మొదటిసారి కంద బచ్చలి కూర చేసింది, ఆవ పెట్టి. మా వైపు అది మామూలు కూర కాదు. కంద దురద పోవాలి, ఆవ ఘాటు ముక్కుకు తెలియాలి, చేదు మాత్రం రాకూడదు. వదిన చేతి కంద బచ్చలికి పలివెలలో పేరుంది.

సాయంత్రం మా అన్న కొడుకు ఫోను చేశాడు, కట్టు ఊడిపోయింది బాబాయ్ అని. స్కూటరు మీద పరిగెత్తాను. కట్టు టీపాయి మీద పీటలా చదునుగా పడి ఉంది. వదిన చెయ్యి కొంగులో వేసుకుని కూర్చుంది. అన్నయ్య పెందరాళే అన్నానికి కూర్చున్నాడు. కోడలు వడ్డిస్తోంది.

"ఏం జరిగిందండీ వదినా?"

"ఏముందండీ, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊచ మీద చెయ్యి ఆనించుకున్నాను, అంతే. సగం దారిలో వదులైనట్టనిపించింది. దిగేసరికి తలుపులు తీసేసుకుంది మీ కట్టు."

నేను కట్టును అటూ ఇటూ తిప్పి చూశాను. "బస్సు ఎండకి ఇది తెరుచుకోదండీ. నేను పరీక్ష చేసేను. స్టవ్ సెగైనా తగలాలి, వేడినీళ్లయినా పడాలి."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానంటారా?"

"నేననట్లేదండీ. ప్లాస్టిక్ అంటోంది."

ఆ జవాబుకు నేనే ముచ్చటపడ్డాను. అన్నయ్య కంచంలోంచి తలెత్తి పెద్దగా నవ్వాడు.

"చెప్పెయ్యవే! ముద్ద నోట్లో పెట్టుకోగానే అనుకున్నాను, ఇది నీ చేతి కూరేనని. కోడలు లేనప్పుడు చెయ్యి పెట్టేవు కదూ?"

"నేను మూత కూడా తియ్యలేదండీ, దేవుడి తోడు."

"మరి ఆవ ఘాటు ఇంత సరిగ్గా ఎలా కుదిరిందంటావు?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పిల్ల అత్తగారి వంక చూసింది, నా వంక చూసింది. "పర్లేదండీ మావయ్యగారూ. అత్తయ్యగారు చూసేరేమో. మంచిదే కదండీ" అని లోపలికి వెళ్లిపోయింది. వదిన ఆమె వెనక నాలుగడుగులు వేసి, వంటగది గడప దగ్గర ఆగిపోయింది.

ఇంటికి వస్తూ దారిలో ఈల వేసుకున్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ వారంలోనే ల్యాబులో, వదిన కట్టుతో పాటు ప్రింటు చేసిన ముక్కలు రెండు మిగిలి ఉంటే, ఒకదాన్ని వంచి నీళ్లలో వేశాను. నీళ్లు గోరువెచ్చన దాటాయో లేదో, అది కదిలింది. థర్మామీటరు పాడైందనుకుని ఇంకొకటి తెచ్చాను. అదీ అదే చెప్పింది. రెండో ముక్కను వంచి స్కూటరు సీటు మీద ఎండలో పెట్టి క్యాంటీనుకు వెళ్లాను. టీ తాగి వచ్చేసరికి చదునుగా పడుకుని ఉంది. నల్లటి ప్లాస్టిక్, కాలిన ఇనప ఊచ, మధ్యాహ్నపు ఎండ. వదిన చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆ రెండు ముక్కల్నీ చెత్తబుట్టలో వేసి, పైన కాగితాలు కప్పాను.

ఎందుకు చెప్పలేదంటే ఆ రోజుల్లో నా దగ్గర చాలా కారణాలుండేవి. చెయ్యి బాగానే నయమవుతోంది కదా, షాపు పట్టీ వేసుకుంది కదా అనుకున్నాను. కూర గొడవ రెండు రోజుల్లో మరిచిపోతారనుకున్నాను. అసలు కారణం కొబ్బరి. తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తు, కొబ్బరి చిప్పల వల్ల ఒప్పుకోవలసి రావడం ఇంకో ఎత్తు. పైగా అప్పటికే క్లాసులో ఈ కథను హాస్యంగా వాడేశాను, మనం ఎంత గొప్ప వస్తువు చేసినా వాడేవాళ్లు సూచనలు పాటించరని.

ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. గొడవపడితే ఎప్పుడో తీరిపోయేది. వాళ్లు గొడవపడలేదు. మర్యాదగా ఉన్నారు. కోడలు పప్పులో ఉప్పు వేసే ముందు కూడా గరిటె పట్టుకుని ముందు గదిలోకి వచ్చి, "అత్తయ్యగారూ, ఓసారి మీరే చూడండి" అనేది. "నేనేం చూడనమ్మా, నాకేం తెలుసు" అనేది వదిన. చెయ్యి పూర్తిగా బాగయ్యాక కూడా వంటగదిలోకి వెళ్లలేదు. మంచినీళ్లు కావాలన్నా కొడుకునే అడిగేది. కంద బచ్చలి ఆ ఇంట్లో మళ్లీ వండలేదు. ఒక పెళ్లిలో దూరపు బంధువు ఒకావిడ, "ఏమ్మా, కోడలు చేసిన కూరలో దొంగచాటుగా చెయ్యి పెట్టేవటగా?" అని అందరిలో అంటే, వదిన నవ్వి, "ఆయ్, మా మరిదిగారు కనిపెట్టేరు కదండీ" అంది. పక్కనే ఉన్న నేను గారె నములుతూ తల వంచుకున్నాను. ఆ గారె గట్టిగా ఉందని వంటవాణ్ణి విసుక్కున్నాను కూడా.

మళ్లీ వానాకాలం వచ్చింది. కోడలికి అయిదో నెల. ఒక ఆదివారం పొద్దున్న నాకు ఫోను చేసింది. ఆ అమ్మాయి నాకు ఫోను చెయ్యడం అదే మొదటిసారి.

"చిన్నమావయ్యగారూ, మధ్యాహ్నం మా ఇంటికి వస్తున్నారటండీ?"

"వస్తున్నానమ్మా. ఏం కావాలి?"

"ఏం లేదండీ... అమలాపురంలో కర్రీ పాయింటులో కంద బచ్చలి ఉంటే ఓ ప్యాకెట్టు తెస్తారా? తినాలనిపిస్తోందండీ. ఇంట్లో చెప్పకండే."

"ఇంట్లో చేసుకోవచ్చు కదమ్మా?"

"నేను చేస్తే అత్తయ్యగారు ఏమనుకుంటారోనండీ. ఆవిణ్ణి చెయ్యమంటే ఇంకా బాగోదు కదండీ" అంది.

కర్రీ పాయింటులో కూర దొరికింది. ప్లాస్టిక్ కవరులో కట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చారు. స్కూటరు కొక్కేనికి తగిలించుకుని బయలుదేరాను. ఆ కూర చెయ్యగలిగిన ఇద్దరు ఆడవాళ్లు ఒకే కప్పు కింద ఉన్నారు. కడుపుతో ఉన్న పిల్ల కోసం నేను ఊళ్లు దాటి బజారు కూర మోసుకెళుతున్నాను. దారిలో ఎన్ని రకాలుగా ఆలోచించినా ఇది నా నిర్వాకమే అని తేలింది. ప్రతి గతుకుకూ కవరు నా మోకాలికి వెచ్చగా తగులుతూనే ఉంది.

పలివెలలో అందరూ ముందు గదిలో ఉన్నారు. అన్నయ్య పేపరు చూస్తున్నాడు. వదిన ఎడంగా కుర్చీలో ఉంది. కోడలు నా చేతిలో కవరు చూసి కంగారుపడి, లోపలికి రమ్మని సైగ చేసింది. నేను వెళ్లలేదు. కవరు తీసుకెళ్లి టీపాయి మీద, అందరి మధ్యా పెట్టాను.

"ఏంట్రా అది?" అన్నాడు అన్నయ్య.

"కంద బచ్చలి. నేనొక మాట చెప్పాలి. పోయినేడాది ఆ కట్టు సంగతి... ప్రింటెడ్ శాంపిల్‌కీ ప్రెస్సింగ్ చేసినదానికీ ప్రాసెసింగులో కొంచెం తేడా ఉంటుందన్నమాట, దానివల్ల ట్రాన్సిషన్..."

"తెలుగులో ఏడు" అన్నాడు అన్నయ్య.

అప్పుడు తెలుగులో చెప్పాను. నేను పరీక్షించింది ఒకటి, వదిన చేతికి వేసింది ఇంకొకటి అని. ఆరబెట్టకుండా చేశానని. చిటపటలాడినా ఆపలేదని. బస్సు కిటికీ ఊచ వేడి దానికి చాలునని.

"ఆరబెట్టలేదేం?" అన్నాడు అన్నయ్య.

"ఓవెన్‌లో మా కొబ్బరి ఉంది."

మా అన్న కొడుకు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. అన్నయ్య ఆపుకోలేదు. వదిన మాత్రం నవ్వలేదు.

"ఎప్పుడు తెలిసిందండీ మీకు?"

అన్నిటికంటే ఈ ప్రశ్నకే నేను భయపడ్డాను. నిన్ననే తెలిసిందని చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆ వారంలోనే."

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. వదిన కోడలి వైపు తిరిగింది.

"నేను మూత కూడా తియ్యలేదే అమ్మాయ్."

"మీరు ఆ రోజే చెప్పేరండీ అత్తయ్యగారూ." ఆ పిల్ల అత్తగారి కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది. "నేనే నమ్మలేదు. నాకంత బాగా కుదురుతుందని నాకే నమ్మకం లేదండీ."

"నువ్వేం చేస్తావమ్మా. చదువుకున్న మనిషి వచ్చి చెప్తే."

అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాను.

"ఆ కూర నీదేనమ్మా, మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా నీదే. నీ పేరు నేను పోగొట్టేను. వదినా, మీరు నిజమే చెప్పేరు. తెలిసి కూడా ఏడాది పాటు మిమ్మల్ని అబద్ధాలకోరుగా ఉండనిచ్చేను. తప్పు కట్టుది కాదండీ, నాది. ఎవరెవరి ముందు మీకు ఆ మాట పడిందో, వాళ్లందరికీ నేనే వెళ్లి చెప్పుకుంటాను. నన్ను క్షమించండి."